పెరుగు ముంత గురి

ఏటి ఒడ్డునే కోట కట్టుకున్న ఒకానొక రాజ్యాన్ని రిపుంజయుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాని తనకు తెలియని శాస్త్రం లేదని గట్టి నమ్మకం. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? అందుకే ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం కొలువులో ఎవరికీ లేకపోయింది.

రాజుగారు వారానికోసారి పడవ షికారు వెళ్లేవారు. జెండా సరిగ్గా తన తలమీదే ఎగరాలని తెరచాప కొయ్య మొదట్లోనే ఆసనం వేయించుకునేవారు.

ఒకరోజు పడవ మంచి జోరుమీద ఉంది. గంగులు అనే పడవవాడు జెండా తాడు సరిచేయడానికి కొయ్య చివరికంటా ఎక్కాడు. వాడి మొలలో దోపుకున్న తాంబూలపు సున్నపుకాయ జారి, తిన్నగా వచ్చి రాజుగారి కిరీటం మీద ఠంగుమంది.

"జారింది మహాప్రభో, నేను విసరలేదు," అన్నాడు గంగులు దిగివచ్చి చేతులు జోడించి.

రాజు మీసం దువ్వాడు. "అబద్ధం. అది కిందికి వచ్చేలోపు పడవ ముందుకు పోతుంది కదా? జారినదైతే వెనక ఏట్లో పడాలి. నా తలమీద పడిందంటే నువ్వు గురిచూసి విసిరావన్నమాట. సింహాసనానికి గురిపెట్టినవాడికి నా దేశంలో చోటు లేదు. రేపు పొద్దున్నకల్లా పొలిమేర దాటు."

మంత్రులు "ఆహా, ఏమి తర్కం" అని తలలూపారు. గంగులు ఏటికేసి చూశాడు. పుట్టినప్పటినుంచి ఈ ఏరు తప్ప మరోటి ఎరగనివాడు, పాపం, ఎక్కడికి పోతాడు?

అదే పడవలో ఉన్న కొలువు చమత్కారి వల్లభయ్యకు వాణ్ణి చూస్తే జాలేసింది. అయితే రాజును ఎదిరిస్తే పని చెడుతుందని అతనికి తెలుసు.

"ప్రభూ, ఇంత గొప్ప తీర్పుకు రుజువు నలుగురూ కళ్లారా చూడాలి. ఒక ముంతను కొయ్యమీదికి లాగి, తాడు కొస ఇటు పడవ అంచుకు కడతాను. తమరు స్వహస్తాలతో తాడు కోయండి. ముంత వెనక ఏట్లో పడుతుంది, గంగులు నోరు మూతపడుతుంది," అన్నాడు.

రాజుకు ఆ మాట తెగ నచ్చింది. ముంత పైకెక్కింది. పడవ మళ్లీ జోరందుకుంది. రాజు ఆసనం దిగి, పడవ అంచుకు నడిచి, మొలలోని బాకు తీసి తాడు తెగ్గోశాడు.

ముంత నేరుగా వచ్చి ఆసనం మీది పట్టుదిండు మీద భళ్లుమంది. దాన్నిండా పెరుగు. దిండు, తెరచాప కొయ్య, పెద్దమంత్రి గడ్డం అన్నీ తెల్లబడ్డాయి.

వల్లభయ్య చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు. "సింహాసనానికి గురిపెట్టినవాడు పొలిమేర దాటాలని తీర్పు. ప్రభువులు ఎన్ని గంటలకు బయలుదేరుతున్నారు?"

"నేను గురిచూడలేదయ్యా. తాడు కోశానంతే."

"గంగులు చెప్పిందీ అదే ప్రభూ."

రాజు పెరుగుకేసి చూశాడు. "మరి పడవ ముందుకు పోతోంది కదా?"

"ముంతా పోతోంది ప్రభూ. పడవతోపాటే పరుగెత్తుతోంది. తాడు తెగితే కిందికి పడుతుందేగాని ఆ పరుగెక్కడికి పోతుంది? ఒడ్డున నిలబడి చూసినవాడికి అది ముందుకు సాగుతూ పడుతుంది. పడవలో ఉన్న మనకు తిన్నగా పడుతుంది. అంతదాకా ఎందుకు, తమరు ఈ పడవలోనే ప్రతి వారం పోకచెక్క ఎగరేసి నోట పట్టుకుంటారు. ఏనాడైనా అది వెనక కూర్చున్న పెద్దమంత్రిగారి నోట్లో పడిందా?"

రాజు పెద్దమంత్రి గడ్డం చూశాడు. పెదవి బిగబట్టాడు, లాభం లేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు గంగులు ప్రాణం లేచివచ్చింది.

"గంగులూ, నీ ఏరు నీదే. తప్పు నాది," అన్నాడు రాజు. చేతి కంకణం తీసి వల్లభయ్యకు తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఆ ముంతలోది నా మధ్యాహ్నం పెరుగు ప్రభూ. ఇప్పుడు అన్నం దేంతో తినాలో సెలవియ్యండి."

ఆ పూట వల్లభయ్య, గంగులు పక్కపక్కన కూర్చుని రాజుగారి పెరుగుతో కడుపారా అన్నం తిన్నారు. వడ్డించింది పెద్దమంత్రిగారు.