గాదె తాళం ఎవరి దగ్గర?

ఏడో బిడ్డ పుట్టాక గానీ చిత్రగిరి రాజు వీరభూపతికి సంసారం భారమని తెలియలేదు. తెలిసిన వెంటనే చాటింపు వేయించాడు.

"ఏటికి ఇంటిపన్ను పన్నెండు రూకలు. యజమాని మీద ఆధారపడ్డ నోళ్లు ఎన్ని ఉంటే అన్ని రూకలు తగ్గింపు!"

దాంతో రాజ్యమంతా ప్రేమలు పొంగాయి. పదేళ్లుగా మొహం చూడని మేనత్తలను కూడా జనం బండి కట్టి మరీ తెచ్చుకున్నారు.

అందరికంటే ముందు లెక్క రాసినవాడు కోశాధికారి అచ్చన్న. అత్తామామలు, ముగ్గురు బావమరుదులు, వాళ్ల భార్యలు, ముగ్గురు పిల్లలు. మొత్తం పదకొండు నోళ్లు. పన్ను ఒక్క రూక! ఆయన ఇరవై ఏళ్లుగా ఇల్లరికపు అల్లుడని ఊరంతా ఎరుగును. రాజుగారికి మాత్రం తెలియదు. ఏ కబురైనా సింహాసనానికి చేరేది చివరనే కదా!

అదే అచ్చన్న, మగ్గం నేసుకునే నాంచారమ్మకు మాత్రం పన్నెండు రూకలూ వేశాడు. ఆమె ఏడుస్తూ కొలువుకు వచ్చింది.

"మొగుడు లేని మనిషి యజమాని ఎలా అవుతుంది ప్రభూ? పిల్లలా, ఈమె కన్నవాళ్లు కారు. పన్ను కట్టకపోతే సాయంత్రానికి మగ్గం జప్తు" అన్నాడు అచ్చన్న.

"మా అక్క కని పోయింది బాబయ్యా. అన్నం పెట్టేది నేనే. మగ్గం పోతే ఆ ముగ్గురికీ గంజి కూడా పుట్టదు" అంది నాంచారమ్మ.

రాజుకు ఏమీ తోచనప్పుడు తాంబూలం అడగడం, దాంతోపాటు తాంబూలం అందించే దోసయ్య సలహా కూడా నమలడం అలవాటు.

"ప్రభూ, గాదె తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లే ఇంటి యజమాని" అన్నాడు దోసయ్య.

"బాగా చెప్పావు! ఈమె ఇంట్లో గాదె కూడానా?" అని నవ్వాడు అచ్చన్న.

నాంచారమ్మ రొండిన దోపుకున్న తాళం తీసింది. "గాదె లేదు, బియ్యం పెట్టె ఉంది. రేపటి గింజలు పిల్లలు ఇవాళే తినేస్తారని తాళం వేస్తాను."



"మరి తమరి తాళం?" అన్నాడు దోసయ్య అచ్చన్నతో.

"ఇంట్లో... ఇంట్లో ఉంది."

"భటుణ్ణి పంపుదాం. అచ్చన్నగారు గాదె తాళం ఇమ్మన్నారంటే చాలు."

కాసేపటికి భటుడు ఉత్త చేతులతో వచ్చాడు. వెనకే మామగారు పేరయ్య, మొలతాడుకు కట్టిన తాళాన్ని రెండు చేతులా పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"ప్రభూ! ఇరవై ఏళ్లుగా మా అల్లుడుగారు విస్తరి వైపు తప్ప గాదె వైపు చూసింది లేదు. ఇవాళ తాళం అడిగారంటే మతి చలించిందేమోనని పరుగెత్తుకొచ్చాను."

రాజు కళ్లెర్రజేశాడు. "అయితే ఆధారపడ్డ నోళ్లంటూ రాసిందంతా అబద్ధమేనా?"

"అంతా కాదు ప్రభూ. ఆ ఇంట్లో ఆధారపడ్డ నోరు ఒకటుంది. ఈ లెక్క చెప్పింది ఆ నోరే!" అన్నాడు దోసయ్య.

సభ గొల్లుమంది.

నాంచారమ్మకు ఆ ఏడు పన్నంతా మాఫీ అయింది. అచ్చన్న ఎగ్గొట్టిన పదకొండు రూకలు ఆయన జీతంలోంచి తీసి దోసయ్యకు బహుమానం ఇప్పించాడు రాజు. "పేరయ్యా, అల్లుణ్ణి పోషిస్తున్నందుకు నీకూ ఒక రూక తగ్గింపు" అన్నాడు.

పేరయ్య చేతులు జోడించి, నసిగాడు.

"ఒక్కటేనా ప్రభూ? మా అల్లుడుగారు తినేది ముగ్గురి తిండి!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, మూడు రూకలు రాయించాడు.