పదింపావు వాచీ

మద్రాసు నుంచి తిరిగొచ్చిన కొత్తలో నాకు ఆ వాచీతోనే పేచీ.

నేను పనిచేసిన దావీదు మాస్టారి ఫోటో స్టూడియో చీరాలలో గడియార స్తంభానికి నాలుగు కొట్ల అవతల ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ వైపు వెళ్తే నాకు ఇప్పటికీ ఫోటోలు కడిగే హైపో మందు వాసన వచ్చినట్టే ఉంటుంది. గోడకి మాస్టారు తీసిన ఫోటోలు, వంకీకి ఒక నల్లకోటు, స్టూలు మీద ప్లాస్టిక్ పూల కుండీ, సొరుగులో ఒక స్టీలు గొలుసు వాచీ. అది నడవదు. ముళ్ళు పదింపావు దగ్గర ఎప్పుడో ఆగిపోయాయి.

ఫోటో దిగడానికి వచ్చిన మనిషి చెయ్యి బోసిగా ఉంటే మాస్టారు ఆ వాచీ కట్టేవారు. కట్టి, అది కనపడేట్టు చొక్కా చెయ్యి కాస్త పైకి నెట్టేవారు. పోస్టుమాను, జట్కా తోలే ఆయన, లెక్కల మాస్టారు అందరూ మా ఊళ్ళో పదింపావుకే ఫోటో దిగారు.

నేను ఆరు నెలలు మద్రాసులో సబ్బుల ప్రకటనలకు ఫోటోలు తీసేవాళ్ళ దగ్గర పనిచేసి వచ్చినవాణ్ణి. తల పొగరు తలపాగా చుట్టినా దాగదు కదా. మనిషి దగ్గర ఉన్నదే ఫోటోలో ఉండాలని, లేనిది పెట్టడం అబద్ధమని మాస్టారికి గంటసేపు చెప్పాను. ఆయన లెన్సు తుడుచుకుంటూ విని, "అట్టాగా నాంచారూ" అన్నారు. సబ్బు నురగ కోసం మేం మద్రాసులో కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టిన సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు.

ఒకరోజు వాచీ తీసి చెత్తబుట్టలో పడేశాను. మర్నాడు చూస్తే మళ్ళీ సొరుగులోనే ఉంది.

ఆ వారంలోనే పేరాల నుంచి శివనాగులు అనే నేతపని కుర్రాడు వచ్చాడు. చేతిలో వాళ్ళ నాన్న మార్కండేయులు ఫోటో ఉంది. ఆయన పోయి మూడేళ్ళు. ఆయన ఫోటో దిగినట్టు ఇంట్లో ఎవరికీ తెలీదట. దినాలయ్యాక పెట్టె తెరిస్తే పంచెల అడుగున దొరికింది. ఫోటోలో చేతికి వాచీ ఉంది, పెట్టెలో లేదు. దాన్ని అన్న భావనారాయణ తీసేసుకున్నాడని ఇతని అనుమానం. తమ్ముడే ముందు పెట్టె తెరిచాడని అన్న అనుమానం. మూడేళ్ళుగా ఒకే గోడకి అటొకరు ఇటొకరు మగ్గం నేస్తూ మాటల్లేవు. వచ్చే ఆదివారం కులపెద్దల ముందు పంచాయితీ పెట్టుకున్నారు. ఇల్లు, మగ్గాలు పంచుకుని ఇక ఒకరి గడప ఒకరు తొక్కకూడదని తీర్మానం రాయించబోతున్నారు. అక్కడ చూపించడానికి వాచీ స్పష్టంగా కనపడేట్టు ఫోటో పెద్దది చేసివ్వమన్నాడు.

నేను ఫోటో చూశాను. పదింపావు.

నా నోట్లో మాట నోట్లో ఉండగానే మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. శుక్రవారం సాయంత్రం అన్నను కూడా పంపమని చెప్పి కుర్రాణ్ణి సాగనంపారు. అతను వెళ్ళాక నేను కొంచెం గర్వంగానే మాస్టారి వైపు చూశాను. మీ అబద్ధం ఏం చేసిందో చూశారా అని నా చూపు. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మాస్టారు ఆ రెండు రోజులూ సరిగ్గా అన్నం తినలేదు.

శుక్రవారం ఇద్దరూ వచ్చి చెరో గోడకి నిలబడ్డారు. మాస్టారు భావనారాయణను కుర్చీలో కూర్చోమన్నారు. సొరుగు లాగి, వాచీ తీసి అతని చేతికి కట్టారు.

భావనారాయణ వాచీ వైపు చూశాడు. తమ్ముడి చేతిలో ఉన్న ఫోటో వైపు చూశాడు.

"ఇది మా నాయనది."

"మీ నాయన కట్టుకున్నదే."

"మీ దగ్గరికెట్టా వచ్చింది?"

"యాడికీ పోలేదు నాయనా. ఈ సొరుగులోనే ఉంది" అని మాస్టారు గోడ చూపించారు.

ఇద్దరూ గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. పోస్టుమాను చెయ్యి, జట్కా ఆయన చెయ్యి, లెక్కల మాస్టారి చెయ్యి.

చివరికి శివనాగులు అడిగాడు. "మా నాయన అడిగి కట్టించుకున్నాడా?"

"లేదు. బోసి చెయ్యి వెనక్కి దాచుకుంటా ఉంటే నేనే కట్టా. తప్పు నాదే. పోయేటప్పుడు వాచీ తిరిగిచ్చే ముందు ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్నాడు."

"చప్పుడు వినపడిందా?"

"ఇది నడవదు. అయినా కాసేపు విన్నాడు."

భావనారాయణ కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మగ్గం గుంటలో నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి ఒక్కడే వచ్చి, ఒక్కడే ఫోటో దిగి, ఎవరికీ చూపించకుండా పంచెల అడుగున దాచుకోవడం నా కళ్ళ ముందు మెదిలింది. నాకూ ఏడుపొచ్చింది.

కొంతసేపటికి భావనారాయణ వాచీ విప్పాడు. విప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఒరే నాగులూ, ఇట్రా."

మూడేళ్ళ తర్వాత అన్న పిలిచిన పిలుపు. తమ్ముడు వచ్చి చెయ్యి చాపాడు. అన్న వాచీ కట్టాడు.

"ఇద్దరికీ కలిపి ఒకటి తియ్యండి మాస్టారా. నాయన ఫోటో పక్కన పెట్టుకుంటాం."

అన్న కూర్చున్నాడు. తమ్ముడు అన్న భుజం మీద చెయ్యి వేసి వెనక నిలబడ్డాడు. మాస్టారు కెమెరా వెనక నల్లగుడ్డలోకి దూరారు. ఎంతకీ బయటికి రారు. గుడ్డలోంచే, "నాంచారూ, ఏదో తక్కువయింది, చూడు" అన్నారు.

చూశాను. శివనాగులు చొక్కా చెయ్యి జారి వాచీని కప్పేసింది.

నేను వెళ్ళి ఆ చెయ్యి కాస్త పైకి నెట్టాను.

మాస్టారు గుడ్డలోంచి బయటికొచ్చి లెన్సు మూత మీద వేళ్ళు పెట్టారు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నారు. "ఎవరూ కదలబాకండి."