ఓలేసు ఇచ్చిన చెయ్యి

అనగా అనగా, సముద్రం ఇప్పటికన్నా ఇంకా వెనక్కి పడుకునే రోజుల్లో, ఒక ఏరు వెళ్లి సముద్రంలో కలిసే చోట రెండు పేటలుండేవి. ఏటికి ఈ పక్క ఉత్తరపేట, ఆ పక్క దక్షిణపేట. ఇటు వాళ్లూ అటు వాళ్లూ చేపలు పట్టే బతుకే. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ ఆ రెండు పేటల మధ్యే. తలలు పగలగొట్టుకునేదీ ఆ రెండు పేటల మధ్యే.

ఏరు కలిసే ఆ చోటుని మొగ అంటారు. వానలు తగ్గాక కవ్వ చేపలు మొగ దగ్గరికి నీళ్లు నల్లబడేంత గుంపులుగా వచ్చేవి. మొదట పెద్దవల వేసినవాళ్లకి పడవ నిండేది. ఆ అలజడికి గుంపు చెదిరిపోయేది. రెండోసారి వేసినవాళ్లకి తట్ట కూడా నిండేది కాదు. అందుకని ఏటా ఆ మొదటి వల కోసం తెడ్లు లేచేవి, నెత్తురు కారేది.

చివరికి రెండు పేటల పెద్దలూ విసిగిపోయారు. ఆ రోజుల్లో పక్క రేవులో ఓడ కళాసులు తోలు బంతిని కాళ్లతో ఆడేవారు. అది చూసి మన కుర్రకారు నేర్చుకుంది. వెళ్లిపోతూ కళాసులు ఒక బంతి కూడా ఇచ్చిపోయారు. "కొట్టుకోవద్దు, ఆడుకోండి. ఎవరు గెలిస్తే వాళ్లదే మొదటి వల" అన్నారు పెద్దలు.

తలలు పగలగొట్టిన తెడ్లనే తెచ్చి ఇసకలో గోలు స్తంభాలుగా పాతారు. గడియారం లేదు, ఈల లేదు. పాటుకి నీళ్లు వెనక్కి తీసి తడి ఇసక బయటపడగానే ఆట మొదలు. పోటు వచ్చి కెరటం తెడ్డు మొదలు తాకగానే ఆట ఆఖరు. ఎవరు ఎంత గింజుకున్నా సముద్రం ఇంకొంచెం టైము ఇవ్వదు కదా.

దక్షిణపేటకి గోలు కాచేవాడు ఎల్లాజీ. మనిషి పడవంత వెడల్పు. అరిస్తే ఒడ్డున కాకులు లేచిపోయేవి. రెండు చేతులూ చాపి నిలబడితే ఆ తెడ్ల మధ్య నుంచి గాలి కూడా తప్పుకొని పోవాల్సిందే అనేవారు.

ఉత్తరపేటకి ఓలేసు ఉండేవాడు. పడవ లేదు. వల లేదు. ఒంటి మీద కండ కూడా లేదు. వల లాగే వరసలో అందరికన్నా చివర నిలబడి, తడి తాడు చుట్ట చుట్టడమే అతని పని. వాటా పంచేటప్పుడు కూడా ఆఖరునే పిలిచేవారు. కానీ బంతి ఆ ఎడమకాలికి చేరిందంటే, పెంపుడు కోడిపిల్లలా అతని వెంటే తిరిగేది.

మొదటి ఏడు ఓలేసు గోలు కొట్టాడు. ఎల్లాజీ ఒక పక్కకి దూకాడు, బంతి ఇంకో పక్కకి పోయింది. ఉత్తరపేటంతా ఎగురుతోంది. ఓలేసు మాత్రం ఎగరలేదు. ఇసకలో బోర్లా పడ్డ ఎల్లాజీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"లెగు బావా. సముద్రం ఆగదు."

ఎల్లాజీ ఆ చేతిని విదిలించి కొట్టాడు. "నీకు నాను బావనెప్పుడయ్యానురా?"

"మా పేట కొర్లమ్మప్పని చేసుకున్నావు కదా. మరేటవుతావు?"

ఎల్లాజీ తనంతట తానే లేచాడు. ఆ రోజు ఇంట్లో అన్నం పెడుతూ కొర్లమ్మ మూతి బిగించుకుంది. ఎంత బిగించినా నవ్వు ఆగలేదు.

"ఏటి నవ్వుతున్నావు?"

"నేను నవ్వలేదయ్యా. పులుసు కారంగా ఉంది."

"నీ పుట్టింటోడు గోలు కొడితే నీకు పండగా?"

"కొట్టకుండా ఆపాల్సింది నువ్వు, నన్నంటావేటి?"

రెండో ఏడూ అంతే. ఓలేసు గోలు కొట్టాడు. ఎల్లాజీ పడ్డాడు. ఓలేసు చెయ్యి చాపాడు.

"లెగు బావా. సముద్రం ఆగదు."

ఈసారి ఎల్లాజీ గుప్పెడు ఇసక తీసి అతని మొహాన కొట్టాడు. ఓలేసు కళ్లు నులుముకున్నాడు, నవ్వాడు, వెళ్లిపోయాడు. ఎల్లాజీకి ఆ గోలు కన్నా ఆ నవ్వే ఎక్కువ మండింది.

మూడో ఏడు వచ్చేసరికి దక్షిణపేట పొయ్యిలు రెండు పూటల్లో ఒక పూటే వెలుగుతున్నాయి. రెండేళ్లు మొదటి వల లేదు. అంటే పేట సంపాదన సగానికి సగం పడిపోయి, ఆ సగంలో మళ్లీ సగం అయ్యింది. ఆట ముందు దక్షిణపేట పెద్ద ఎల్లాజీని పక్కకి పిలిచాడు.

"ఒరే ఎల్లాజీ, ఈ ఏడూ పోతే వల అమ్మేసుకుందాం. రేవుకెళ్లి మూటలు మోసుకుందాం. ఈ ఒడ్డు మనది కాదనుకుందాం."

ఎల్లాజీ తెడ్ల మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. పేట మొత్తం తన వీపు వెనక నిలబడినట్టే అనిపించింది.

ఆ రోజు ఆట చూసినవాళ్లు అదృష్టవంతులు. చూశామని చెప్పుకున్నవాళ్లు అంతకు పదింతలు. వాళ్లందరినీ వరసగా నిలబెడితే ఆ ఒడ్డు చాలదు.

ఉత్తరపేట ఒకటి కొట్టింది. దక్షిణపేట ఒకటి కొట్టింది. పోటు మొదలైంది. కెరటాలు తెడ్ల దగ్గరికి జానెడు జానెడు చొప్పున జరుగుతున్నాయి. అప్పుడు బంతి ఓలేసు ఎడమకాలికి చేరింది.

ఒకణ్ణి తప్పించాడు. ఇంకొకణ్ణి తప్పించాడు. మూడోవాడు తనే జారి పడ్డాడు. ఎదురుగా ఎల్లాజీ ఒక్కడే మిగిలాడు. ఓలేసు కొట్టగానే ఎల్లాజీ కళ్లు మూసుకుని దూకాడు. బంతి అతని గుండెకి తగిలి వెనక్కి వచ్చింది. అదే ఊపులో అతని తల తెడ్డుకి కొట్టుకుంది. మనిషి పక్కన ఇసక గుంటలో మిగిలిన అడుగులోతు నీళ్లలో బోర్లా పడ్డాడు. లేవలేదు.

బంతి మళ్లీ ఓలేసు ముందుకే వచ్చింది. గోలు ఖాళీ. కెరటం ఇంకా తెడ్డుని తాకలేదు. కాలి బొటనవేలు కదిపితే చాలు.

"కొట్రా! కొట్టు!" అని ఉత్తరపేటంతా అరిచింది.

ఓలేసు బంతిని దాటి ఆ నీళ్లలోకి పరుగెత్తాడు. ఎల్లాజీని వెల్లకిలా తిప్పి, తల ఒళ్లో పెట్టుకున్నాడు. పడవంత మనిషిని ఆ పుల్లలాంటి మనిషి ఎలా లేపాడో ఎవరికీ తెలీదు. అంతలో పెద్ద కెరటం వచ్చింది. తెడ్లు మునిగాయి. బంతిని సముద్రం లోపలికి లాక్కుపోయింది.

ఎల్లాజీ దగ్గి, నీళ్లు కక్కి, కళ్లు తెరిచాడు. పైన ఓలేసు మొహం కనిపించింది.

"లెగు బావా" అన్నాడు ఓలేసు.

ఈసారి ఎల్లాజీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఇక మొదలైంది గోల. ఉత్తరపేట పెద్ద ఊగిపోతూ వచ్చాడు. "ఒక్క వేలు! కాలివేలు కదపలేకపోయావా?"

"మనిషి నీళ్లలో బోర్లా ఉన్నాడు పెదనాన్నా."

"కొట్టాక లేపొచ్చు కదరా!"

"అప్పటికి లెగకపోతే?"

ఆ మాటకి పెద్దకి కోపం ఇంకా పెరిగింది. "రేపటి నుంచి నువ్వు మా తాడు ముట్టుకోకు" అన్నాడు. అంటే ఆ ఆఖరి వాటా కూడా పోయినట్టే.

ఆట సమానమైతే మొదటి వల ఎవరిదో పెద్దలు ముందు చెప్పుకోలేదు. మాదంటే మాదన్నారు. నీళ్లలోంచి తెడ్లు పీకారు. మళ్లీ తలలు పగిలేలా ఉంది. సరిగ్గా అప్పుడే మొగ మీద పక్షులు దిగాయి. నీళ్లు నల్లబడ్డాయి. కవ్వల గుంపు వచ్చేసింది.

ఎల్లాజీ తలకి కొర్లమ్మ కోక కొంగు ముక్క కట్టి ఉంది. గొంతులో ఇంకా ఉప్పునీళ్లు మండుతున్నాయి. ఆ పక్షుల్ని చూశాడు, తన పేట ఆడవాళ్ల ఖాళీ తట్టల్ని చూశాడు. అందరికీ దూరంగా ఒక్కడే కూర్చున్న ఓలేసునీ చూశాడు. మన పెద్దవల లాగే పద్ధతి తెలుసు కదా. ఒక తాడు ఒడ్డున వదిలి, పడవ సముద్రంలో చుట్టు తిరిగి, రెండో తాడుతో ఒడ్డుకి వస్తుంది. రెండు తాళ్లనీ రెండు గుంపులు సమంగా లాగాలి. ఒక పక్క బలం తగ్గితే వల వంకర తిరిగి చేపలన్నీ జారిపోతాయి.

ఎల్లాజీ వెళ్లి ఒక తాడు భుజాన వేసుకున్నాడు.

"ఇదిగో, ఈ కొస నాను పట్టాను. రెండో కొస ఓలేసు పట్టాలి. వాడు పట్టకపోతే నాను ఒగ్గేత్తాను. అప్పుడు మీకూ లేదు, మాకూ లేదు."

ఎవరూ కదల్లేదు. గుంపు మెల్లగా జరిగిపోతోంది. కొర్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచింది. "ఓ పెద్దలారా, చేపలు మీ పంచాయితీ వినడానికి రాలేదు!"

ఉత్తరపేట పెద్ద పక్షుల వైపు చూశాడు, నోరు చప్పరించాడు. "సరే, ముందు లాగండి. తర్వాత కొట్టుకుందాం" అన్నాడు.

పడవ కదిలింది. ఒక తాడు దక్షిణపేట లాగింది. ఒక తాడు ఉత్తరపేట లాగింది. ఓలేసు ఆ రోజు వరస చివర లేడు, ముందున్నాడు. ఇరువైపులా పడవలు నిండాయి. తర్వాత కొట్టుకుందామన్నారు కదా, ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు.

ఆ పైన కూడా ఏటా ఆట సాగింది. వల కోసం కాదు, ఊరికే ఆట కోసం. అవీ రోజులంటే. పొరుగూళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. మరమరాలు అమ్మేవాళ్లకి ఇసక కనపడేది కాదు. ఓలేసు గోలు కొట్టేవాడు, ఎల్లాజీ తిట్టేవాడు, చెయ్యి పట్టుకుని లేచేవాడు. "ఓసారి నన్ను కూడా లేపనివ్వవురా!" అని గొణిగేవాడు. "నాను పడితే కదా బావా" అనేవాడు ఓలేసు.

ఒక వానాకాలం ఓలేసుకి జ్వరం వచ్చింది. ఎల్లాజీ ఏరు దాటి వెళ్లి, మంచం పక్కన కూర్చున్నాడు. చెయ్యి చాపి, "లెగరా" అన్నాడు. ఓలేసు ఆ చేతిని పట్టుకున్నాడు కానీ లేవలేదు.

ఓలేసు పోయిన ఆ ఏడు ఆట వద్దన్నారు. ఎల్లాజీ కావాలన్నాడు. జుట్టు నెరిసినా, మోకాళ్లు పలుకుతున్నా తనే తెడ్ల మధ్య నిలబడ్డాడు. ఉత్తరపేట కొత్త ఆటగాడు ఒకడు గోలు కొట్టాడు. ఎల్లాజీ పడ్డాడు. ఉత్తరపేట అరవబోయింది. కానీ ఎల్లాజీ పడినచోటే ఉన్నాడు.

కొర్లమ్మ పరుగున వచ్చింది. "దెబ్బ తగిలిందా?"

"నేదు."

"మరి లెగవేటి?"

"చెయ్యి ఇచ్చేవాడు రావాలి కదే" అన్నాడు ఎల్లాజీ.

ఆ ఆటగాడు సిగ్గుపడుతూ వెనక్కి వచ్చాడు. వంగి చెయ్యి చాపాడు. ఏం పిలవాలో తోచక, ఓలేసు మాటే మెల్లగా అన్నాడు.

"లెగు బావా."

ఎల్లాజీ లేచాడు. అప్పుడు రెండు పేటలూ కలిసి అరిచాయి.

ఇప్పుడు ఆ ఒడ్డున ఇనప స్తంభాలున్నాయి, ఈల ఊదే రిఫరీ ఉన్నాడు. దూరం నుంచి జట్లు పోటీలకి వస్తాయి. కొత్తగా వచ్చిన జట్టు గోలు కొట్టి చొక్కా ఊపుకుంటూ పరుగెత్తితే జనం ఒక్క చప్పట కూడా కొట్టరు. రిఫరీ తన ఈల పనిచేయలేదేమో అని దాన్ని తిప్పి చూసుకుంటాడు. అప్పుడు ఒడ్డు మీంచి ఎవరో ఒక ముసలమ్మ అరుస్తుంది. "ఓ బాబూ, నీ గోలు ఇంకా అవలేదు. ఎల్లి ఆ పిల్లోణ్ణి లేపు!" అతను తెల్లమొహం వేసుకుని వెనక్కి వస్తాడు, చెయ్యి ఇస్తాడు. పడినవాడు లేచి నిలబడతాడు. అప్పుడు ఒడ్డంతా ఒక్కసారిగా హోరెత్తుతుంది.

ఆ హోరు మొగ దాటి, వేటకి పోయిన పడవల దాకా వినిపిస్తుంది. పడవల్లో వాళ్లు గోలు ఎవరు కొట్టారని అడగరు. సాయంత్రం ఒడ్డున కాలు పెడుతూనే, "ఎవరు లేచారు?" అని అడుగుతారు.