గుజ్జు అట్ట వెనక

ఏటి ఒడ్డున ఉన్న ఒక పేపరు మిల్లులో ట్యాంకులు తనిఖీ చేసే దాలినాయుడికి తన చెవి మీద మహా గర్వం ఉండేది.

కాగితపు గుజ్జును తెల్లబరిచే మందునీళ్లు అక్కడ ఫైబరు ట్యాంకుల్లో ఉండేవి. ఇనుమైతే ఆ మందు తినేస్తుంది. ఫైబరుకు తుప్పు పట్టదు గానీ, లోపల పొరలు విడిపోతే పైకి కనిపించదు. అందుకని ఏటా మిల్లు ఆపినప్పుడు దాలినాయుడు చిన్న సుత్తితో జానెడుకోచోట తట్టి వినేవాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమనేది. పొర విడినచోట మొద్దుగా పలికేది. కోయకుండానే లోపలి జబ్బు చెబుతాడని అందరూ అతన్ని డాక్టరుగారని పిలిచేవారు.

ఆ ఏడు నాలుగో ట్యాంకు బయటి గోడ మీద, అడుగువైపు గుజ్జు చింది, ఎండి, అట్ట కట్టింది. దాలినాయుడు దాని మీదే తట్టాడు. మొద్దుగా పలికింది.

అక్కడ నేల కడిగే సన్నెమ్మ చీపురు ఆపింది.

"ఆ పక్క ఇలా పలకలేదు బాబూ," అంది.

"గుజ్జుంది కదా సన్నెమ్మా. పరుపు మీద కొడితే మోగుతుందా?"

"గంట ఆగితే గీకి కడిగేస్తాను. అప్పుడు కొట్టి చూడు."

"అయితే సుత్తి నువ్వు పట్టు. చీపురు నేను పడతాను," అన్నాడు.

పక్కనే పని చేస్తున్న ఫిట్టర్లు నవ్వారు. సన్నెమ్మ కూడా నవ్వింది. "నీకు నడుం వంగదులే బాబూ," అని మళ్లీ పనిలో పడింది.

ఆ రోజు అతన్ని ఎవరూ తొందరపెట్టలేదు. గంట ఆగొచ్చు. కానీ అందరూ నవ్వాక కడగమనడానికి అతనికి నోరు రాలేదు. కాగితం మీద 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు.

మిల్లు నడిచింది. పన్నెండో రోజు మధ్యాహ్నం సరిగ్గా ఆ అట్ట వెనకే ట్యాంకు చీలింది. మందునీళ్లు ఒక్కసారిగా బయటికి దూకాయి. సన్నెమ్మ అక్కడే ఉంది.

ఆసుపత్రిలో రెండు రోజులు బతికింది. మూడో రోజు పోయింది.

దాలినాయుడు వాళ్లింటికి వెళ్లాడు. గుమ్మంలో ఆమె కూతురు నిలబడి ఉంది. పదిహేనేళ్లుంటాయి. ఏడవడం లేదు.

"గుజ్జు కడుగుతానంటే మీరు వద్దన్నారట. అమ్మ ఆ రోజే ఇంటికొచ్చి చెప్పింది," అంది. "ఎందుకొద్దన్నారు బాబూ?"

తీరిక లేదని చెప్పడానికి లేదు. తెలియదని చెప్పడానికీ లేదు.

"నవ్వులాటకి అన్నానమ్మా," అన్నాడు.

ఆ పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అనుమానం ఎవరి నోట వచ్చినా ఆగి చూడాలి. తనకు చిన్నతనమనుకుని చూడకుండా వదిలేస్తే, ఆ తప్పుకు ఇంకొకరి ప్రాణం పోతుంది.