గుమ్మడికాయ నడక

పూర్వం సోమవరం సంస్థానానికి ఒక వర్తకుడు వింత కడియాలు తెచ్చాడు. కాలు కదిలినప్పుడల్లా కడియం పై అరలోంచి ఒక ఆవగింజ కింది అరలోకి రాలుతుంది. వెయ్యి గింజలు రాలితే వెయ్యి అడుగులు నడిచినట్టు. నెల తిరక్కుండానే కోటలో కడియం లేని కాలు లేకుండా పోయింది.

అందరికంటే ముందు కొన్నది రాజా జగ్గభూపతి. రోజూ వెయ్యి అడుగులు నడిస్తే ఒళ్ళు తగ్గి మోకాళ్ళ నొప్పులు పోతాయని వైద్యుడు ముకుందశాస్త్రి ఆయనకు చెప్పాడు. రోజూ గింజలన్నీ రాలుతూనే ఉన్నాయి, ఒళ్ళు మాత్రం తగ్గలేదు. రాజుకు కోపమొచ్చి వైద్యుణ్ణి ఊరు వదిలి పొమ్మన్నాడు.

రాజు పల్లకీ మోసే సింగన్న భుజం పుండుకు కట్టు కట్టేది ఆ వైద్యుడే. ఆ మాట విని సింగన్న మనసు చివుక్కుమంది. రాజు పల్లకీ దిగడే, మరి గింజలెలా రాలుతున్నాయి? ఆ రోజు మోస్తూ మోస్తూ చెవి పెట్టి విన్నాడు. తను అడుగు వేసినప్పుడల్లా రాజు కడియంలో గింజ టిక్కుమంటోంది.

"దొరా, ఆ కడియం ఒక్కసారి ఇప్పించండి" అని అడిగి తీసుకున్నాడు. దాన్ని పెద్ద గుమ్మడికాయ తొడిమకు కట్టి, కాయను పల్లకీలో పెట్టి, తోటి బోయీలతో కలిసి కోట చుట్టూ మోసుకొచ్చాడు. గింజలన్నీ రాలిపోయాయి.

"ఇదీ వెయ్యి అడుగులు నడిచింది దొరా. పిసరంత కూడా చిక్కలేదు. ఇందులోనూ వైద్యుడిదే తప్పంటారా?"

రాజు చెప్పులు తెమ్మన్నాడు. ఖాళీ పల్లకీ వెనకాల వస్తుంటే, ఆయాసపడుతూ వైద్యుడి ఇంటిదాకా నడిచాడు, మూట విప్పమని చెప్పడానికి.