జాన పడవ, బార పడవ

అనగనగా, గోదారి పాయలుగా చీలి సముద్రం వైపు పరిగెత్తే చోట ఒక లంక ఊరు. చుట్టూ నీళ్ళే. బడికెళ్ళాలన్నా, ఆసుపత్రికెళ్ళాలన్నా, ఉప్పు పొట్లం తెచ్చుకోవాలన్నా పడవెక్కాల్సిందే. ఊరు మొత్తానికి ఒక్కటే పడవ.

ఆ ఊళ్ళో నూకరత్నం అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. నీకన్నా రెండేళ్ళు పెద్దది. దానికి ఏది కనపడినా కొలవాలి. గుమ్మం ఎన్ని జానలు, దూడ తోక ఎన్ని బెత్తెళ్ళు, అమ్మ జడ ఎన్ని మూరలు, ఇదే పని పొద్దస్తమానం.

జాన అంటే తెలుసుగా? ఇదిగో, నా బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. నాలుగు వేళ్ళ వెడల్పు ఒక బెత్తెడు. మూడు బెత్తెళ్ళయితే ఒక జాన. రెండు చేతులూ ఇలా బార్లా చాస్తే అది బార. ఎనిమిది జానలు కలిస్తే ఒక బార. గుర్తుంచుకో, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఒక ఏడు భాద్రపదంలో పెద్ద వరదొచ్చింది. మోకు తెంపుకుని పడవని ఎత్తుకుపోయింది. నీళ్ళు తీశాక చూస్తే రేవులో గుంజ ఉంది, పడవ లేదు. అప్పటినుంచి జనం అరటి బోదెలతో కట్టిన తెప్ప మీద ఊగుతూ, తడుస్తూ దాటేవాళ్ళు.

నూకరత్నం వాళ్ళమ్మ పైడితల్లికి అప్పుడు ఏడో నెల. కార్తీకం చివరికి కాన్పు. ఆసుపత్రేమో అవతలి గట్టున. నిండు మనిషిని ఆ తెప్ప మీద ఎలా దాటిస్తారు చెప్పు? నాన్న అప్పలకొండకి ముద్ద దిగేది కాదు.

అప్పుడు ఊరంతా కలిసి భద్రాచారి దగ్గరకి వెళ్ళారు. పోయిన పడవని కట్టిన వడ్రంగి ఆయనే. ఇప్పుడాయనకి చూపు లేదు.

"కొలతలేవీ రాసుకోలేదురా అప్పలకొండా," అన్నాడాయన. "కంటితో చూసుకుంటా కట్టాను. ఇప్పుడా కన్నే లేదు. మూడు బారల పొడవని మాత్రం గుర్తు."

ఆ తర్వాత అటక మీద నుంచి ఒక బొమ్మ పడవ దింపించాడు. "పెద్దదాన్ని కట్టేముందు దీన్ని చేసుకున్నాను. అచ్చు దాని పోలికే. దీన్ని పెద్దది చేసుకోండి. చేతులు మీవి, మాట నాది."

నూకరత్నం చేతులు ఊరుకుంటాయా? బొమ్మని దగ్గరకి లాక్కుంది. తన జాన చిన్నది కదా, అందుకని భద్రాచారి తాత చెయ్యి పట్టుకుని ఆ చేత్తోనే కొలిపించింది. పొడవు మూడు జానలు. వెడల్పు రెండు బెత్తెళ్ళు. లోతు ఒక బెత్తెడు.

ఊరిపెద్ద పోతురాజు చప్పున లెక్క కట్టేశాడు. "మూడు బారలంటే ఇరవైనాలుగు జానలు. బొమ్మ మూడు జానలు. అంటే ఇరవైఒక్క జానలు కలపాలి. వెడల్పుకీ అంతే కలిపేద్దాం. తియ్యండి రంపం!"

ఊళ్ళో ఉన్నవి నాలుగే మద్ది దుంగలు. తప్పు కోస్తే మళ్ళీ దొరకవు. నూకరత్నం రంపానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"పెదనాన్నా, ముందు ఇసకలో గీసి చూద్దామా?" అంది.

గీశారు. పొడవు ఇరవైనాలుగు జానలు, వెడల్పు ఇంచుమించు ఇరవైరెండు. అందరూ చుట్టూ నిలబడి చూశారు.

"ఇది పడవ కాదు పెదనాన్నా, నూర్పిడి కళ్ళం!" అంది నూకరత్నం. పోతురాజే ముందు నవ్వాడు.

ఆ తర్వాత నూకరత్నం ఇసకలో గొంతుక్కూర్చుని ఆ బొమ్మకేసే చూసింది. మూడు జానలది మూడు బారలవ్వాలి. జాన పోయి బార వచ్చిందన్నమాట. మరి జాన ఉన్నచోటల్లా బార పెడితే? ఒక జానకి ఎనిమిది జానలు. అలాగే ఒక బెత్తెడికి ఎనిమిది బెత్తెళ్ళు. కలపడం కాదు, అన్నింటినీ ఒకే అంకెతో పెంచడం!

మళ్ళీ గీసింది. వెడల్పుకి పదహారు బెత్తెళ్ళు పెట్టింది. అప్పుడు భద్రాచారి తాత చెయ్యి పట్టుకుని ఆ గీత మీద నడిపించింది. ఆయన చెప్పులు విడిచి, గీత అంచున అడుగులో అడుగేసుకుంటూ చుట్టూ తిరిగాడు. పడవ ముక్కు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"ఇదేనమ్మా," అన్నాడు. "ఇదే నా పడవ."

అప్పుడు రంపాలు కదిలాయి. వారం తిరిగేసరికి ముక్కు దగ్గర రెండో చిక్కొచ్చింది. రెండు పక్కల చెక్కలూ వచ్చి కలిసే మూల ఎంత తెరుచుకుని ఉండాలి?

"అన్నీ ఎనిమిదింతలన్నావుగా, ఇదీ ఎనిమిదింతలేనా?" అన్నాడు నాన్న.

నూకరత్నం ఒక కొబ్బరీనె విరిచి, బొమ్మ ముక్కులో సరిగ్గా ఇమిడేలా మడిచింది. ఆ మడతని రెండింతలు తెరిచింది. మూడింతలు, నాలుగింతలు తెరిచింది. ఎనిమిదింతలు కాకముందే ఈనె బారుగా సాగిపోయి, వెనక్కి తిరిగి అవతలివైపు వచ్చేసింది! ఆ లెక్కన కడితే పడవకి ముక్కే ఉండదు.

అప్పుడు ఈనెని మళ్ళీ మొదటిలాగే మడిచి నేల మీద పెట్టింది. దాని రెండు చేతులకీ తిన్నగా రెండు పొడుగు వెదురుబద్దలు ఆనించింది. బద్దల చివర్లు ఎంతో దూరం జరిగాయి. మూల మాత్రం మూలలానే ఉంది.

"నాన్నా, చెక్కలు పెరుగుతాయి గానీ మూల పెరగదు!" అని అరిచింది. నాన్న ఆ ఈనె మడతనే తీసుకెళ్ళి పెద్ద చెక్కల మధ్య పెట్టి చూసుకుని, మేకులు దిగగొట్టాడు.

ఆశ్వయుజం గడిచింది. పడవ లేచి నిలబడింది. ఇక గుగ్గిలం పుయ్యాలి. గుగ్గిలాన్ని నూనెలో కాచి పడవ పొట్టకి పూస్తే నీళ్ళు లోపలికి రావన్నమాట. బొమ్మకి ఒక కొబ్బరిచిప్పెడు పట్టిందని తాత చెప్పాడు. అందుకని నాన్న ఎనిమిది చిప్పలు కాచాడు. పూస్తే ముక్కు దగ్గరే అయిపోయింది!

"ఎనిమిది చాలలేదేంటే?" అన్నాడు నాన్న బిత్తరపోయి.

నూకరత్నానికీ తెలీలేదు. అమ్మ పక్కన అరుగు మీద కూర్చుని ఆలోచించింది. అమ్మ కాళ్ళు నీరొచ్చి ఉబ్బి ఉన్నాయి. ఇంకెన్నో రోజులు లేవు.

అప్పుడు అమ్మ ఒలుస్తున్న చింతపండులోంచి కొన్ని పిక్కలు తీసుకుంది. బొమ్మకి పట్టిన చిప్పకి గుర్తుగా ఒక పిక్క పెట్టింది. పొడవు ఎనిమిదింతలని వరసలో ఎనిమిది పేర్చింది. వెడల్పు కూడా పెరిగిందిగా? ఆ వరస కింద ఇంకో వరస, దాని కింద ఇంకోటి, మొత్తం ఎనిమిది వరసలు పేర్చింది. అమ్మ వేలితో లెక్కపెట్టి ఎక్కం చదివింది. "ఎనిమిది ఎనిమిదులు అరవైనాలుగు!"

"అరవైనాలుగు చిప్పలమ్మా! పొట్ట అటూ పెరిగింది, ఇటూ పెరిగింది!"

నాన్న తెప్ప మీద మూడుసార్లు అవతలి గట్టుకెళ్ళి గుగ్గిలం తెచ్చాడు. ఆడవాళ్ళంతా మూకుళ్ళు పట్టుకొచ్చి కాచారు. అరవైనాలుగో చిప్పతో పడవ తోక దాకా నల్లగా మెరిసింది.

కార్తీకంలో ఒక పొద్దున పడవ నీళ్ళలోకి దిగింది. ముందు పైడితల్లిని ఎక్కించారు. పక్కనే నూకరత్నం అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. అడుగున ఒక్క చుక్క నీరు కూడా ఊరలేదు. భద్రాచారి రేవులో నిలబడి, తెడ్డు చప్పుడు దూరమయ్యేదాకా వింటూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు. అమ్మ క్షేమం, బిడ్డ క్షేమం.

ఇంటికి తెచ్చాక నూకరత్నం ఏం చేసిందో చెప్పు? అవును, కొలిచింది! నూలుపోగుతో తమ్ముడి తల నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచింది. ఒళ్ళంతా కలిపి నాలుగు తలల పొడవున్నాడు వాడు. తన తలతో తనని కొలుచుకుంటే ఆరు వచ్చింది. నాన్నని నాన్న తలతో కొలిస్తే ఏడూ దాటిపోయింది.

గబగబా తాత దగ్గరకి పరిగెత్తింది. "తాతా! తమ్ముణ్ణి ఏ అంకెతో పెంచినా నాన్న అవ్వడు. ఒకే లెక్కన పెంచితే ఇంత గుమ్మడికాయ తలకాయేసుకుని తిరుగుతాడు!"

తాత పడీ పడీ నవ్వాడు. "మరి ఎలా పెరుగుతాడంటావే అమ్మడూ?"

"తెలీదు తాతా," అంది నూకరత్నం, కళ్ళు మిలమిలా మెరుస్తుంటే. "ఏడాదికోసారి కొలుస్తాను."

అని ఆ నూలుపోగుకి మొదటి ముడి వేసింది.

కథ కంచి తోవ పట్టింది,
మనకి ఇంటి తోవ దొరికింది,
బుజ్జి కంటికి కునుకు పట్టింది.