తీగ లేని ఊళ్లో దొంగలు

రేవుపాలెం రైసుమిల్లు గేటు దగ్గర ఒక రిలే పెట్టె ఉండేది. తీగలోని కరెంటు ఎక్కడైనా భూమిలోకి దిగితే అది లైను ఆపేసి, లోపం ఊరివైపుందో మిల్లువైపుందో దీపం వెలిగించి చూపేది. నాలుగు రోజులుగా ఊరి దీపమే వెలుగుతోంది.

"మీ ఊరి దొంగలే తీగలకు కొక్కేలు తగిలిస్తున్నారు! రిలే అబద్ధమాడదోయ్!" అన్నారు ఇంజనీరు పరాంకుశంగారు, మిల్లు యజమాని ఇచ్చిన కాఫీ తాగుతూ.

లైన్‌మన్ ఎర్రన్నకు ఒళ్లు మండింది. ఊళ్లో ప్రతి స్తంభమూ ఎక్కి చూసినవాడతను. ఒక్క కొక్కెం లేదు. అవతల మంచినీళ్ల మోటారు ఆగిపోయి ఆడవాళ్లు బిందెలతో వాగుకు నడుస్తున్నారు.

ఎర్రన్న లైను ఆపించి, గేటు స్తంభమెక్కి, ఊరికి వెళ్లే తీగలన్నీ విప్పేశాడు. "ఇప్పుడు లైను ఇప్పించండి సార్."

ఇచ్చిన మరుక్షణమే ట్రిప్పయి లైను ఆగిపోయింది. మళ్లీ ఊరి దీపమే!

"ఊరికి తీగే లేదు కద సార్. మరి మా దొంగలు కొక్కేలు దేనికి తగిలించారంటారు?"

పరాంకుశంగారు కంగారుగా పెట్టె తెరిచారు. తాను స్వయంగా బిగించిన వైర్లు తారుమారుగా ఉన్నాయి. లోపం మిల్లులోనే.

"పాడు రిలే!" అని గొణిగారు.

"దాన్నేమీ అనకండి సార్. మీరు దాని మొహం ఎటు తిప్పి పెడితే అటే చూసింది," అన్నాడు ఎర్రన్న, కాఫీ గ్లాసువైపు చూస్తూ. "మరి మీ మొహం మావైపు తిప్పి పెట్టిందెవరు?"